రెండో తరగతి బిడ్డలకు హోంవర్క్ ఆపించండి: హనుమకొండ జిల్లా విద్యాధికారి (డీఈవో) గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మా వాడలో రెండో తరగతి చదివే పాప రాత్రి తొమ్మిదిన్నరకు కూడా ఒకే జవాబును ఐదుసార్లు రాస్తూ ఉంటుంది. మూడోసారికల్లా అక్షరాలు గీత దాటి కిందికి జారుతాయి. పెన్సిల్ చేతిలో ఉండగానే కునుకు పడుతుంది. మిగతా రెండుసార్లూ తల్లే రాస్తుంది, బిడ్డ రాతలా కనబడాలని ఎడమ చేత్తో. తెల్లారి నోట్సులో ఎర్రపెన్ను టిక్కు పడుతుంది. ఇందులో ఎవరు ఏం నేర్చుకున్నట్టు?

కేంద్ర విద్యాశాఖ 2020 స్కూల్ బ్యాగ్ విధానం రెండో తరగతి దాకా హోంవర్కే వద్దంది. మూడు నుంచి ఐదు తరగతులకు వారానికి 2 గంటలు మించొద్దంది. మన దగ్గర చాలామంది పిల్లలకు ఆ 2 గంటలు ఒక్క రాత్రికే సరిపోతున్నాయి.

అమెరికా పరిశోధకుడు హారిస్ కూపర్ బృందం 2006లో హోంవర్క్ మీద వచ్చిన పాత అధ్యయనాలను తిరగేసింది. హైస్కూల్లో హోంవర్క్‌కు, మార్కులకు కొంత సంబంధం కనబడింది గానీ, చిన్న తరగతుల్లో అది చాలా బలహీనం. ఎనుమాముల మార్కెట్‌లో పొద్దంతా బస్తాలు మోసొచ్చిన తండ్రి ఇంగ్లిష్ నోట్సు ఎట్లా చూడగలడు? అందుకే అప్పుచేసైనా ట్యూషన్‌కు పంపుతున్నాడు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

చెప్పకుండా బడులకు వెళ్లి పిల్లల డైరీలు తెరిచి చూడండి. తరగతివారీ పరిమితిని ప్రతి బడి గేటు దగ్గర తెలుగులో రాయించండి. కథల పుస్తకం ఇంటికిచ్చి చదవమంటే మాకు సంతోషమే.

ఇట్లు,
నయీంనగర్ నుంచి ఒక తల్లి