విటమిన్ డి వార్తల్లో ఏ పరిశోధనో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

విటమిన్ డి మాత్రలు కాలేయాన్ని బాగుచేస్తాయని, క్యాన్సర్ కణితుల పెరుగుదలను ఆపుతాయని ఆరోగ్య పుటల్లో వస్తున్న కథనాలు చదివి, చికిత్సలో ఉన్నవారు సైతం సొంతంగా మోతాదు పెంచుకుంటారేమోనన్న ఆందోళనతో ఈ లేఖ రాస్తున్నాను.

కాలేయానికీ ఈ విటమిన్‌కూ దగ్గరి సంబంధం ఉన్న మాట నిజమే. చర్మంలో తయారైన, ఆహారంతో అందిన విటమిన్ డి ఉన్నదున్నట్టుగా పనిచేయదు. కాలేయంలోని ఎంజైములు ఒకసారి, మూత్రపిండాల్లోని ఎంజైము మరోసారి మార్చాకే అది కాల్సిట్రియాల్ అనే చురుకైన హార్మోను అవుతుంది. దానిని రక్తంలో మోసుకుపోయే ప్రోటీను తయారయ్యేదీ ప్రధానంగా కాలేయంలోనే. అందువల్ల కాలేయ రోగుల రక్తంలో, కాలేయం దెబ్బతిన్నదని సూచించే ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అనే ఎంజైములు పెరిగి విటమిన్ డి తగ్గి కనిపిస్తే, ఆ లోపం జబ్బుకు కారణం కాక జబ్బు ఫలితమే కావచ్చు.

క్యాన్సర్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఎలుకల లుకేమియా (రక్త క్యాన్సర్) కణాలు కాల్సిట్రియాల్ ప్రభావంతో పరిపక్వ కణాలుగా మారాయని 1981లో వెల్లడైనప్పుడు పుట్టిన ఆశ నిరాధారమైనదేమీ కాదు. అయితే అంతటి ప్రభావం కోసం ఆ హార్మోనును మనిషికి ఎక్కువగా ఇస్తే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది. పైగా ఎన్నో రకాల కణితులు సీవైపీ24ఏ1 అనే ఎంజైమును అధికంగా తయారుచేసుకుని, తమను అదుపుచేయవలసిన ఆ హార్మోనునే నిర్వీర్యం చేస్తాయి. ప్రయోగశాల కథనాల్లో ఈ సంగతి దాదాపుగా కనిపించదు.

అమెరికాలో 25,871 మంది పాల్గొన్న వైటల్ అధ్యయనంలో విటమిన్ డిని రోజుకు 2,000 యూనిట్ల (ఐయూ) చొప్పున ఐదేళ్లకు పైగా ఇచ్చినా కొత్తగా క్యాన్సర్ రావడం తగ్గలేదు. మొదటి రెండేళ్లను మినహాయించి లెక్కిస్తే మాత్రం క్యాన్సర్ మరణాలు తగ్గినట్టు కనిపించింది. ఆస్ట్రేలియాలో 21 వేల మందికి పైగా పెద్దవయసువారితో, నెలకు 60,000 యూనిట్ల మోతాదుతో జరిగిన డి-హెల్త్ అధ్యయనంలో ఆ మేలూ కనిపించలేదు. రోజూ కొద్దికొద్దిగా ఇవ్వడానికీ నెలకొకసారి ఎక్కువగా ఇవ్వడానికీ ఉన్న తేడా ఇందుకు కారణమా అన్నది పరిశీలించదగిన ప్రశ్న.

ఎముకల కోసం విటమిన్ లోపాన్ని సరిదిద్దుకోవడం అవసరమే. కానీ కొవ్వులో నిల్వ ఉండే ఈ విటమిన్ అతిగా చేరితే వాంతులు మొదలుకొని మూత్రపిండాలు దెబ్బతినడం వరకు దారితీస్తుంది. కాబట్టి ఇకపై ఇటువంటి వార్త ప్రచురించేటప్పుడు, పరిశోధన కణాలపై జరిగిందా, జంతువులపైనా, మనుషులపైనా అన్నది మొదటి పేరాలోనే తెలిపి, పెద్దలకు వైద్యుని పర్యవేక్షణ లేకుండా రోజుకు 4,000 యూనిట్లు మించరాదన్న పరిమితిని కూడా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు