వెరాక్రూస్ హార్ప్ కళాకారిణి గ్రాసియానా సిల్వా

సభ్యులందరికీ నమస్కారం. జానపద వాద్యాల వరుసలో ఈసారి మెక్సికోలోని వెరాక్రూస్ రాష్ట్రానికి చెందిన హార్ప్ (నిలువుగా నిలిపి, తీగలను వేళ్లతో మీటే వాద్యం) కళాకారిణి గ్రాసియానా సిల్వాను పరిచయం చేస్తున్నాను. ‘లా నెగ్రా గ్రాసియానా’ అన్న పేరుతోనే ఆమె ఎక్కువగా ప్రసిద్ధి. సోదరుడికి హార్ప్ నేర్పడానికి ఒక అంధ విద్వాంసుడు ఇంటికి వస్తుంటే, పక్కన ఉండి చూస్తూనే ఆ చిన్నపిల్ల వాద్యాన్ని పట్టేసింది. తర్వాత ఏళ్ల తరబడి వెరాక్రూస్ రేవు పట్టణంలో, కమానుల వసారాల కింద భోజన బల్లల మధ్య తిరుగుతూ, అడిగినవారికి పాటకింతని తీసుకుని, అక్కడి జానపద శైలి అయిన సోన్ హరోచో వాయించి జీవనం సాగించారు. 1990లలో రికార్డింగులు వెలువడ్డాక విదేశీ వేదికలూ ఆమెను పిలిచాయి. 2013లో కన్నుమూశారు.

ఆ హార్ప్‌కు ముప్పైకి పైగా తీగలుంటాయి, స్వరాలు మార్చడానికి కాలితో నొక్కే పెడళ్లు మాత్రం ఉండవు. ఎడమచేయి మంద్రస్వరాలతో నడకను నిలబెడుతుంటే, కుడిచేయి పైస్థాయిలో బాణీని చకచకా అల్లుకుపోతుంది. ‘లా బాంబా’ను రాక్ పాటగానే ఎరిగినవారు (నేనూ చాలాకాలం ఆ కోవలోనివాడినే) దాని పుట్టిల్లు ఈ సంప్రదాయమేనని గమనించగలరు. ఆమె వాయించినవి వినేటప్పుడు మొదటిసారి పాడే గొంతును పక్కనపెట్టి, ఆ ఎడమచేతి మీదే చెవి నిలపవలసిందిగా మనవి.