కాలనీ సంక్షేమ సంఘం, తిరుపతి: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

బోరు మోటారు రిపేరు, వీధి దీపాలు, వినాయక చవితి పందిరి, వానలకు ముందు కాలువలో పూడిక తీయించడం ఏటా ఉండే పనులే. ఈ ఏడూ జరిగాయి. లెక్కలు వెనుక పేజీలో ఉన్నాయి, అనుమానం ఉంటే కోశాధికారిని అడగండి. ఈసారి ఎక్కువ చోటు ఒక పిల్లవాడి కుడి చేతికి ఇస్తున్నాను. మనలో చాలామంది సాయంత్రాలు దానికే పోయాయి, దాని మంచిచెడ్డలు మీకు చెప్పాలి.

మూడో వీధి అబ్బాయికి 13 ఏళ్లు. స్కూలు బేస్‌బాల్ జట్టులో పిచ్చర్, అంటే బ్యాటుతో కొట్టేవాడికి బంతి విసిరేవాడు. పోయిన వేసవి సెలవుల్లో వాడి వేగం చూసి ముచ్చటపడి ఖాళీ ప్లాటులో రోజూ వేయించాం. ఎన్ని బంతులో ఎవరూ లెక్కపెట్టలేదు. "ఇంకొక్కటి వెయ్యి నాయనా" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. జూన్‌లో వాళ్లమ్మ వచ్చి, "అన్నా, అన్నం ముద్ద ఎత్తాలన్నా మోచెయ్యి నొస్తా ఉందంటాడు" అన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. అది మా తప్పే.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి విషయం చెప్పారు. ఎదిగే పిల్లలకు ఎముక కొసన ఇంకా గట్టిపడని భాగం ఒకటి ఉంటుంది. విసిరినప్పుడల్లా మోచేతి లోపలివైపు కండరాలు దాన్ని లాగుతాయి. రోజూ లాగితే అది వాస్తుంది, చివరికి విడిపోనూవచ్చు. క్రికెట్ బౌలర్ చెయ్యి చాచి వేస్తాడు, పిచ్చర్ చెయ్యి మడిచి కొరడాలా ఝళిపిస్తాడు. అందుకే పిచ్చర్‌కు మోచేతి మీద భారం ఎక్కువ పడుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా బంతి ముట్టనివ్వలేదు. వాడు ఏడ్చాడు, అయినా ఇవ్వలేదు.

ఆ మూడు నెలల్లో మేమూ నేర్చుకున్నాం. అమెరికాలో అన్నిటికంటే పెద్ద ప్రొఫెషనల్ లీగ్ మేజర్ లీగ్ బేస్‌బాల్, అక్కడి జాతీయ సంఘం యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి పెట్టిన పిచ్ స్మార్ట్ నియమాల ప్రకారం 13–14 ఏళ్ల పిల్లవాడు రోజుకు 95 బంతులకు మించి వేయకూడదు. 14 ఏళ్ల వరకు పిల్లలు 20 బంతులు దాటితే ఒక రోజు, 35 దాటితే 2 రోజులు, 50 దాటితే 3 రోజులు, 65 దాటితే 4 రోజులు విశ్రాంతి తీసుకోవాలి. ఏడాదిలో 4 నెలలైనా పిచింగ్ మానాలి. మేం 50కే గీత గీశాం. నాలుగో వీధి రిటైర్డ్ పోస్ట్‌మాస్టరు గారు కుర్చీ వేసుకుని నోటుబుక్కులో ఒక్కో బంతికి ఒక్కో గీత పెడతారు. యాభయ్యో గీత పడితే పుస్తకం మూసేస్తారు, ఇక ఎవరు బతిమాలినా వినరు.

చేతికి బలం రావాలంటే ముందు కాళ్లు, నడుము అన్నారు మన పీఈటీ సార్. బంతి వేగం నేల నుంచి పుట్టి తుంటి, భుజం మీదుగా వేళ్లకు చేరుతుందట. అందుకని గుంజీలు, ప్లాంక్, నెలకోసారి అలిపిరి నుంచి 3,550 మెట్లు. మొక్కు వాళ్లమ్మది, లాభం వాడి తొడలది. భుజానికి పలచటి రబ్బరు బ్యాండు: మడిచిన తువ్వాలు చంకలో పెట్టి, మోచెయ్యి పక్కకు ఆనించి, ముంజేతిని మెల్లగా బయటికి తిప్పడం. చూడ్డానికి చిన్న పనే, భుజం కీలును కాపాడే కండరాలకు అదే అసలు పని. బరువైన బంతులతో విసిరిద్దామని ఒక సభ్యులు అన్నారు, ఎముకలు ముదరకుండా వద్దన్నాం. బేస్‌బాల్ బరువు 142 నుంచి 149 గ్రాములు. క్రికెట్ బంతి అంతకంటే బరువు కాబట్టి దానితో విసరడం కూడా మాన్పించాం.

సెప్టెంబర్‌లో 30 అడుగుల నుంచి మెల్లగా విసరడం మొదలుపెట్టి, నొప్పి లేకపోతేనే ఒక్కో అడుగు వెనక్కి జరిగాడు. పెద్దల ఆటలో పిచ్చర్ బంతి వేసే దూరం 60 అడుగుల 6 అంగుళాలు. వాడికి 54 అడుగుల దగ్గరే గీత గీశాం. డిగ్రీ చదివే వాళ్లక్క ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే అసలు లోపం బయటపడింది. ముందు కాలు క్యాచర్ (ఎదురుగా బంతి పట్టుకునేవాడు) వైపు కాకుండా పక్కకు పడుతోంది, నడుము తిరగక చెయ్యి ఒంటరిగా లాగుతోంది. వేసవిలో బంతుల లెక్కతో పాటు ఈ లోపం కూడా నొప్పికి కారణమని అప్పుడు అర్థమైంది. నేల మీద సుద్దగీత గీసి, బంతి బదులు చేతికి తువ్వాలిచ్చి, కాలు గీత మీద పడేదాకా చేయించాం. ఇప్పుడు రెండు రకాల బంతులే వేస్తాడు. మొదటిది ఫాస్ట్‌బాల్, రెండు వేళ్లను కుట్టుకు అడ్డంగా పెట్టి వేస్తాడు. రెండోది చేంజప్, అరచేతిలోకి లోపలికి పట్టుకుని అదే ఊపుతో వేస్తే బంతి నెమ్మదిగా వెళ్తుంది. వంపు తిరిగే కర్వ్‌బాల్ అడుగుతూనే ఉన్నాడు. ఇంకా ఇవ్వలేదు.

మన ఊళ్లో ఈ ఆట ఎవరికి కావాలని కొందరు అడిగారు. 2008లో రింకూ సింగ్, దినేష్ పటేల్ అనే ఇద్దరు జావెలిన్ కుర్రాళ్లను అమెరికా మేజర్ లీగ్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్ తీసుకుంది. మేజర్ లీగ్ దాకా వెళ్లలేకపోయారు, కానీ అప్పటిదాకా వాళ్లకు ఆ ఆటే తెలియదు. మన పిల్లవాడికి అలాంటి కాంట్రాక్టు వస్తుందని ఎవరం అనుకోవడం లేదు. వాడికి ఆట ఇష్టం, మార్చి నెలాఖరుకు 45 బంతులు వేసి నొప్పి లేకుండా ఇంటికి వెళ్లాడు. నాకు అది చాలు.

వచ్చే ఏడాదికి రెండు అవసరాలు. పిచ్చర్ నిలబడే, వానకు కరిగిపోయిన మట్టి దిబ్బకు ఒక ట్రాక్టరు ఎర్రమట్టి, చిరిగిన వల స్థానంలో కొత్తది. వీటికి సభ ఆమోదం కోరుతున్నాను. పోస్ట్‌మాస్టరు గారు మే, జూన్ నెలలు మదనపల్లెలో కూతురి దగ్గర ఉంటారు. ఆ రెండు నెలలు సాయంత్రం ఐదున్నరకు కుర్చీలో కూర్చుని గీతలు పెట్టగలిగినవాళ్లు సంఘం ఆఫీసులో పేరు ఇవ్వండి.

మీ
కార్యదర్శి