పేరును రెండు గడుల్లో రాయండి

సంపాదకులకు నమస్కారం.

విదేశాలకు వెళ్లే పిల్లల ఫీజులు, వీసా కష్టాలు, కన్సల్టెన్సీల మోసాల గురించి పత్రికల్లో తరచూ వస్తూనే ఉంటుంది. నేను రాస్తున్నది వాటి పక్కన చాలా చిన్న సంగతి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే పరాయి దేశంలో ఆరోగ్య కార్డు దగ్గర ఏమవుతుందో కళ్లారా చూసి వచ్చాను. ఆ గడి ఖాళీగా ఉండిపోవడంలో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి రాస్తున్నాను.

మా అల్లుడు మూడేళ్లుగా కెనడాలో, అంటారియో రాష్ట్రంలో ఉంటున్నాడు. మా అమ్మాయికీ నాలుగేళ్ల మనవడికీ అక్కడి పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) రావడంతో వాళ్లకు తోడుగా నేనూ విజిటర్ వీసా మీద వెళ్లాను. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమాను ఓహిప్ అంటారు. ఆ కార్డు ఉంటే డాక్టరుకు చూపించుకున్నా, ఆసుపత్రిలో చేరినా మన జేబులోంచి ఫీజు కట్టక్కర్లేదు. కొత్తగా దిగినవాళ్లు ఒకప్పుడు దానికోసం మూడు నెలలు ఆగాల్సి వచ్చేది. 2020 మార్చిలో ఆ నిబంధన తీసేశారు. బ్రిటిష్ కొలంబియాకు వెళ్లేవాళ్లు మాత్రం ఇప్పటికీ ఆగాలి: దిగిన నెలలో మిగిలిన రోజులు, ఆపైన ఇంకో రెండు నెలలు. మనకా బాధ లేదు కదా అని ధీమాగా ఉన్నాం.

కౌంటర్లో అడిగేవి మూడు కాగితాలు. పీఆర్ వచ్చినట్టు ఒకటి, ఆ రాష్ట్రంలో కాపురం ఉంటున్నట్టు చిరునామాతో ఒకటి, సంతకంతో గుర్తింపు కాగితం ఒకటి. మూడింట్లోనూ పేరు ఒకేలా ఉండాలి. మనవడి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఇంటిపేరు, పేరు గడిలో పేరు ఉన్నాయి. వాడి పని పావుగంటలో అయిపోయింది. మా అమ్మాయి పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు మొత్తం ఒకే గడిలో ఉన్నాయి, రెండో గడి ఖాళీ. కెనడా వాళ్లు అలాంటి పేరును ఉన్నదున్నట్టు తీసుకెళ్లి ఇంటిపేరు గడిలో వేస్తారు, అసలు పేరు గడి వదిలేస్తారు. పీఆర్ కాగితం అలాగే వచ్చింది. బ్యాంకులో కంప్యూటరు ఖాళీ గడిని ఒప్పుకోలేదట. అక్కడి ఉద్యోగి తనకు తోచినట్టు పేరును రెండుగా విరిచి ఖాతా తెరిచాడు. ఇప్పుడు చిరునామా కాగితం మీద ఒక పేరు, పీఆర్ కాగితం మీద ఇంకో పేరు.

"రెండూ మీరేనని నాకు అర్థమవుతోందండీ. కానీ కంప్యూటర్లో ఏ పేరు ఎక్కించమంటారు?" అంది కౌంటర్లో అమ్మాయి. మర్యాదగానే అంది. ఆమెను తప్పుపట్టడానికి ఏమీ లేదు.

మరుసటి వారం తల్లీకొడుకులిద్దరికీ ఒకేసారి జ్వరం, దగ్గు. మంచులో నడిచి దగ్గర్లో ఉన్న క్లినిక్‌కు వెళ్లాం. మనవడి నంబరు కొట్టారు, అంతే. మా అమ్మాయికి డబ్బు కట్టించుకున్నారు. ఒకే గది, ఒకే డాక్టరు, ఒకే జబ్బు. కూర్చుని ఎదురుచూస్తుంటే నర్సు బయటికొచ్చి మా ఇంటిపేరు పిలిచింది. మా అమ్మాయి లేవలేదు. రెండోసారి పిలిచాక నేనే లేచి, "అమ్మా, నిన్నేనే" అన్నాను. అక్కడి రికార్డుల్లో దాని పేరు వరసలో ముందున్నది మా ఇంటిపేరే. (మందులకు మాత్రం కార్డున్నా మా అమ్మాయి వయసువాళ్లు మామూలుగా డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిందే. అన్నీ ఉచితం అని ఇక్కడ చెప్పుకునే మాటల్లో ఇదొకటి వదిలేస్తాం.)

చివరికి బ్యాంకుకు రెండుసార్లు తిరిగి, ఖాతాలో పేరును పీఆర్ కాగితంలో ఉన్నట్టే మార్పించుకుని, మూడోసారి వెళితే పనయింది. ఇప్పుడు అన్నింట్లోనూ పేరు ఒకేలా ఉంది, కాకపోతే ఒకేలా తప్పుగా ఉంది.

ఇక నా పాత్ర. నేను ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి పదో తరగతి నా బడిలోనే చదివింది. దాని పేరు నామినల్ రోల్స్‌లో, అంటే పరీక్షలకు పంపే పిల్లల జాబితాలో, రాసింది నేనే. మనకు అలవాటైన పద్ధతిలో ముందు ఇంటిపేరు, దాని వెనక పేరు, అంతా ఒకే వరసలో. మార్కుల మెమో అలాగే వచ్చింది. ఇంటర్, డిగ్రీ, ఆధార్ అన్నీ మెమోను చూసి నడిచాయి. చివరికి నెట్ సెంటర్లో కుర్రాడు పాస్‌పోర్టు దరఖాస్తు నింపేటప్పుడు మెమోలో ఉన్న వరసంతా పేరు గడిలో దింపేసి, "ఇంటిపేరు గడి కంపల్సరీ కాదు సార్, వదిలేద్దాం" అన్నాడు. నేను పక్కనే ఉండి సరే అన్నాను. అలా నా చేతుల మీదుగా ఎన్ని వందల మంది పిల్లల పేర్లు వెళ్లాయో తలుచుకుంటే ఇప్పుడు నిద్ర పట్టడం లేదు. ఇంటిపేరు పొడి అక్షరంగా రాసి పంపినవైతే ఇంకా ఘోరం. ఆ అక్షరానికి అర్థమేమిటో నిరూపించుకుంటూ తిరగాలి.

ఇది ఒక్క కెనడా గొడవ కూడా కాదు. పేరు ఒకే గడిలో ఉన్నవాళ్లకు అమెరికా వీసా మీద ఎఫ్.ఎన్.యు. అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదు అని. అదే అక్షరాలా పేరైపోయి బీమా కార్డు దాకా, డ్రైవింగ్ లైసెన్సు దాకా వెంట వస్తుంది. 'ఫ్నూ గారూ' అని పిలిపించుకునే మన పిల్లలు ఉన్నారు. పాస్‌పోర్టులో ఒంటి పేరు ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని 2022 నవంబరులో యూఏఈ చెప్పింది. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని తరవాత సడలించింది. ఇంటిపేరు ముందు పెట్టుకోవడం మన పద్ధతి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఏది ఇంటిపేరో, ఏది పేరో కాగితం మీద విడిగా కనబడాలి, అంతే.

పదో తరగతి మెమో మీద ఇంటిపేరు, పేరు వేర్వేరు గడుల్లో అచ్చు వేయమని రెండు రాష్ట్రాల పరీక్షల విభాగాలనూ కోరుతున్నాను. నామినల్ రోల్స్ పంపే ముందు ప్రతి బడిలో తల్లిదండ్రులను ఒక పూట కూర్చోబెట్టి, పేరు అక్షరం అక్షరం చూపించి సంతకం పెట్టించుకుంటే సరిపోతుంది. హెడ్మాస్టర్లకు పని పెరుగుతుందని తెలుసు, నేనూ చేసినవాణ్ణే. ఇప్పటికే పాస్‌పోర్టు తీసుకున్నవాళ్లు ఇంటిపేరు గడి ఖాళీగా ఉందేమో ఈ రోజే తీసి చూసుకోండి. మార్పించుకునేది వీసాకు ముందే మార్పించుకోండి. పీఆర్ కాగితం, అక్కడ ఉద్యోగానికి కావాల్సిన సోషల్ ఇన్సూరెన్స్ నంబరు, ఆరోగ్య కార్డు, బ్యాంకు ఖాతా అన్నీ వచ్చాక ఒక్క పేరు సరిచేయాలంటే అన్నింటినీ మళ్లీ కదిలించాలి. మా అమ్మాయి ఇప్పుడు ఆ పనిలోనే ఉంది.

ఇట్లు,
విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
తెనాలి.