తప్పు అల్లిన చేతిది కాదు, గీసిన కాగితానిది

సంపాదకులకు నమస్కారం.

నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది, సంతోషం. ఇక డిజైన్ల సంగతి. తామర పువ్వు ఫొటోను కంప్యూటర్లో గడులుగా విడగొట్టి, ఆ కాగితాన్నే అల్లేవాళ్ల చేతికిస్తున్నారు. అల్లాక రేకులన్నీ కలిసిపోయి ముద్దగా కనిపిస్తే, పని బాగాలేదని కూలి కోస్తున్నారు. ఇది అన్యాయం.

ఫొటో లేసు కాదని యూరప్‌లో 16వ శతాబ్దంలోనే తెలుసు. ఇటలీలోని రెటిచెల్లా అనే లేసు పనిలో నారబట్ట పోగులు లాగేసి, మిగిలిన చదరపు చట్రంలో మూల నుంచి మూలకు, అంచు నుంచి అంచుకు దారాలు కట్టేవారు. అవన్నీ మధ్యలో కలుస్తాయి కాబట్టి పువ్వుకు ఎనిమిది రేకులొచ్చాయి. అది ఏ చెట్టు పువ్వో ఎవరికీ పట్టలేదు. బట్ట వదిలేసి, తోలు కాగితం మీది గీత వెంట దారం పరిచి కుట్టడం మొదలయ్యాకే తీగ వంపు తిరిగింది. వెనిస్ లేసులోని ఉబ్బెత్తు పువ్వులు ఆ తర్వాతివి. 1587లో పారిస్‌లో అచ్చయిన, ఫెదెరికో విన్చోలో అనే లేసు నమూనాకారుడి పుస్తకంలో గడుల బొమ్మలూ ఉన్నాయి. ఏ గడి నిండాలో, ఏది ఖాళీగా ఉండాలో గీసినవాడే తేల్చాడు.

కొన్ని గడులు నింపి, కొన్ని ఖాళీగా వదిలి క్రోషేతో అల్లే మన గడి లేసుకూ అదే పద్ధతి. వరుసలో గడికి మూడు కుట్లు, చివర ఒకటి అదనం: 21 గడులకు 64. ఖాళీ గడికి ఒక నిలువు కుట్టు, రెండు గొలుసు కుట్లు. నింపాలంటే గొలుసుల చోట రెండు నిలువు కుట్లు. తామర మధ్య రేకు సరిగ్గా 11వ గడి మీద నిలవాలి, అందుకే బేసి సంఖ్య. రేకు మొన వరుసలో 1 గడి, దిగువ వరుసల్లో 3, 5, మళ్లీ 3 నింపాలి. రేకుకూ రేకుకూ నడుమ ఒక గడి ఖాళీ తప్పదు. నీడలు, మడతలు వదిలేయాలి. వాలు కాడకు వరుసకు రెండేసి గడులు నింపి, పై వరుసలో ఒక్క గడి జరపాలి. మూలలు మాత్రమే తాకితే కాడ తెగినట్టుంటుంది.

అన్నిటికంటే ముందు 20 గడులు, 20 వరుసల ముక్క అల్లి కొలవాలి. వెడల్పు 8, ఎత్తు 10 సెంటీమీటర్లు వస్తే గుండ్రటి పువ్వు కోడిగుడ్డులా సాగుతుంది. 20 వరుసల పువ్వుకు 25 గడుల వెడల్పు గీయాలి. తడిపి లాగి పిన్నులు గుచ్చినా, ఉతికితే ఆ సాగు మళ్లీ వస్తుంది. పోగు మారినా, చెయ్యి మారినా కొలత మారుతుంది. ఈ ముక్క చూడకుండా గీసిన కాగితాన్ని శిక్షణ కేంద్రాలు, ఎగుమతిదారులు అల్లకానికి ఇవ్వకూడదని, ముక్క అల్లినందుకూ కూలి కట్టివ్వాలని కోరుతున్నాం.

– లేసు నమూనాలు గీసేవాళ్లం, నరసాపురం