వాళ్లు చెప్పరు, మీ సిబ్బందే అడగాలి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారములు.

నేను హనుమకొండలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయురాలిని, వయసు 67. పెద్దవయసు ఆడవాళ్లలో ఎంతోమంది కన్నకూతురికి కూడా చెప్పుకోని మూత్రం ఆగని బాధ గురించి, నాలుగేళ్లు దాన్ని దాచుకుని తిరిగిన మనిషిగా మీకు రాస్తున్నాను.

ఆ నాలుగేళ్లూ నా చేతిసంచిలో పాత నూలు చీర చింపి నాలుగు మడతలు వేసిన గుడ్డలు, తడిసినవి వేసుకోవడానికి ఒక పాలిథిన్ కవరు ఉండేవి. పెళ్లికి వెళితే బాత్‌రూం దారి కనిపించేచోట, చివరి వరుసలో కూర్చునేదాన్ని. ధైర్యం చేసి ఒక ఆసుపత్రిలో చెబితే, చీటీ రాస్తున్న డాక్టరు గారు తల ఎత్తకుండానే "వయసు మీద పడితే ఇంతేనమ్మా" అన్నారు. ఆ తరువాత ఏడాదిపాటు మళ్లీ ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.

ఆ మాట తప్పని తరువాత తెలిసింది. మూత్రసంచిని కింది నుంచి పట్టి ఉంచే కటి కండరాలు కాన్పులతో వదులు కావడం, ముట్లు ఆగాక తగ్గే ఈస్ట్రోజన్ హార్మోను, షుగర్, మలబద్ధకం, జారిన గర్భసంచి, ఒక్కోసారి బీపీకి వేసుకునే మాత్రలు కూడా దీనికి కారణం కావచ్చు. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. దగ్గినా తుమ్మినా కారిపోవడం ఒక రకమైతే, వెళ్లాలనిపించిన మరుక్షణం ఆగకపోవడం మరో రకం. మొదటిదానికి ముందుగా చేయించేది కటి కండరాల వ్యాయామమే. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే దాన్ని ప్రచురించారు. ఊపిరి బిగపట్టకుండా ఆ కండరాలను లోపలికి బిగించి కొన్ని క్షణాలు ఉంచి వదలడం, పూటకు 8 సార్లు, రోజుకు మూడు పూటలు చేయమని ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి నాకు నేర్పింది. మూడు నెలలు విడవకుండా చేశాక, గుడ్డలు లేకుండా బజారుకు వెళ్లి వచ్చాను.

నర్సంపేట దగ్గరి పల్లెలో ఇదే బాధ పడుతున్న మా ఆడపడుచుకు అలాంటి అమ్మాయి దొరకలేదు. నలభై నిండకముందే గర్భసంచి తీయించుకుంది; అదీ ఈ బాధకు ఒక కారణం కావచ్చు. ఆ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాలలో మనదీ ఒకటని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతూనే ఉంది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో మహిళలకు ఛార్జీ లేకపోయినా ఆమె హనుమకొండకు రావడం మానేసింది. "బస్సుల గంటసేపు ఒంటికి ఆగదు వదినా" అంటుంది. మిరప చేనుకు పోయే రోజు పొద్దుటి నుంచి నీళ్లు తాగదు. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రసంచిని మరింత రేపుతుందనీ, ఇన్ఫెక్షన్ రావచ్చనీ ఆమెకు చెప్పినవాళ్లు లేరు. రాత్రి రెండుమూడుసార్లు చీకట్లో తడుముకుంటూ లేస్తుంది. జారిపడి తుంటి ఎముక విరిగితే ఈ వయసులో మంచం పట్టినట్టే.

అందుచేత నా విన్నపం ఇది. ఇంటింటికీ తిరిగి బీపీ, షుగర్ చూసే ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు "దగ్గితే ఒంటికి పడుతుందా, పోయేదాకా ఆగుతుందా" అని ప్రతి పెద్దామెనూ తామే అడిగేలా ఆదేశాలివ్వండి. ఆడవాళ్ల జబ్బులు చూడటానికి 2023 మార్చిలో మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ కేంద్రాలలో ఈ వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టును, కనీసం ఆడవాళ్లను ప్రత్యేకంగా చూసే మంగళవారాలలో, ఉంచండి. అడిగేటప్పుడు కొడుకులు, అల్లుళ్లు పక్కన లేకుండా చూడమని సిబ్బందికి ప్రత్యేకంగా చెప్పండి. పోయిన నెల ఆశా కార్యకర్త వచ్చినప్పుడు మా ఆడపడుచు బీపీ చూపించుకుంది, షుగర్ చూపించుకుంది; ఇది ఆ పిల్ల అడగలేదు, ఈమె చెప్పలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
హనుమకొండ