బహుపదుల భాగహారం బడిలోనే నేర్పాలి

సంపాదకులకు,

కరోనా తర్వాత విద్యార్థులపై భారం తగ్గించే ఉద్దేశంతో 2022లో పాఠ్యాంశాలను కుదించిన జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ), పదో తరగతి గణితంలోని బహుపదుల (ఎక్స్ వర్గం, ఎక్స్ ఘనం వంటి పదాలు కలిసిన సమాసాల) అధ్యాయం నుంచి భాగహారాన్ని తొలగించింది. చరిత్ర, జీవశాస్త్ర పాఠాల కోతపై జరిగినంత చర్చ దీనిపై జరగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలే వచ్చాయి గనుక ఇది మన పిల్లలకూ సంబంధించిన విషయమే.

ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న విద్యార్థికి ఈ భాగహారంతో అడుగడుగునా పని పడుతుంది. బహుపదుల భిన్నంలో లవం పరిమాణం, అంటే అందులో ఎక్స్‌కున్న అత్యధిక ఘాతం, హారం పరిమాణానికి సమానంగానో, అంతకన్నా ఎక్కువగానో ఉన్నప్పుడు ముందుగా భాగించనిదే దాన్ని పాక్షిక భిన్నాలుగా, అంటే సులువైన భిన్నాల మొత్తంగా, విడదీయలేము. ఘన సమీకరణానికి ఒక మూలం తెలిశాక మిగిలిన రెండింటినీ రాబట్టడానికి సాధారణంగా భాగించి వర్గ సమీకరణానికి చేరుకుంటాము. అక్కడ అధ్యాపకులు సమయం చాలక నేరుగా హార్నర్ పద్ధతిలో, అంటే ఎక్స్‌లు రాయకుండా వాటి ముందున్న సంఖ్యలతోనే భాగించేలా, గుణకాల పట్టిక వేయిస్తారు. అది ఎందుకు పనిచేస్తుందో తెలియని విద్యార్థి, విభాజకంగా ఎక్స్ వర్గం ప్లస్ 1 ఎదురైతే ఆగిపోతాడు.

నిజానికి ఇది ప్రాథమిక పాఠశాలలో నేర్చిన నిలువు భాగహారమే. ఎక్స్ ఘనం మైనస్ 7 ఎక్స్ ప్లస్ 6 అనే బహుపదిని ఎక్స్ మైనస్ 2తో భాగించమంటే పిల్లలు తడబడేది ముఖ్యంగా లేని పదం దగ్గర. ఎక్స్ వర్గం లేదు కదా అని దాని చోటు వదలకుండా రాసేస్తారు, తర్వాత వరుసలన్నీ తప్పుతాయి. 1006లో పదుల, వందల స్థానాల్లో సున్నాలు ఎందుకు రాస్తామో గుర్తుచేసి, ఇక్కడా 0 ఎక్స్ వర్గం రాయించాలి. భాగఫలం ఎక్స్ వర్గం ప్లస్ 2 ఎక్స్ మైనస్ 3, శేషం సున్నా అని వచ్చాక ఎక్స్ స్థానంలో 10 ఉంచి చూడమనండి: విభాజ్యం 936, విభాజకం 8, భాగఫలం 117 అవుతాయి. ఎనిమిది నూటపదిహేడ్లు 936 అని తామే సరిచూసుకున్న పిల్లలకు బీజగణితం పట్ల బెరుకు చాలావరకు పోతుంది. తీసివేతలో గుర్తులు మార్చడం మరచిపోయే అలవాటు మాత్రం సాధనతోనే పోవాలి.

పరీక్షలో అడగకపోయినా పదో తరగతి ఉపాధ్యాయులు దీనికి రెండు మూడు పీరియడ్లు కేటాయించాలని, ఇంటర్ మొదటి సంవత్సరం ఆరంభంలో పునశ్చరణగా ఈ అంశాన్ని చేర్చేలా విద్యాశాఖ ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు